రోడ్డుకు ఇటు క్యాంపు.. అటు కాన్వాసు!

పగలు డ్యూటీ, రాత్రి బొమ్మ. గల్ఫ్‌లో కొత్తగా పైకొస్తున్న చిత్రకారుల బతుకు మన బతుక్కి మరీ అంత దూరమేం కాదు. ఒక బొమ్మ వెనక ఎంత పని ఉంటుంది? ఆ పనిలో మనవాళ్ల చెయ్యి ఎంత? సైటు మీద పనిచేసేవాళ్లం మేం దగ్గరుండి చూసిన సంగతులివి.

దుబాయ్ నుంచి:

ఆల్ ఖూజ్ అంటే మనవాళ్లకు గుర్తొచ్చేవి రెండే.. లేబర్ క్యాంపులు, వర్క్‌షాపులు. తెల్లారకముందే బస్సుల హారన్లు, టిఫిన్ డబ్బాల చప్పుడు. రాత్రయితే వంటగది దగ్గర క్యూ. ఇదే ఆల్ ఖూజ్‌లో దుబాయ్‌కి పేరు తెచ్చిన ఆర్ట్ గ్యాలరీలు వరసగా ఉన్నాయంటే నమ్ముతారా? ఆ చోటు పేరు అల్‌సర్కాల్ ఎవెన్యూ. 2008లో గోదాముల్లో మొదలైంది. పక్కనే ఉన్న పాత మార్బుల్ ఫ్యాక్టరీ స్థలంలోకి 2015 నాటికి విస్తరించింది. బయట నుంచి చూస్తే ఇప్పటికీ గోదాముల్లాగే ఉంటాయి. లోపలికి పోతే మరో లోకం!

2017లో అక్కడ 'కాంక్రీట్' అనే హాలు తెరిచారు. నెదర్లాండ్స్‌కు చెందిన ఓఎంఏ సంస్థ దాన్ని డిజైన్ చేసింది. లోపల ఎనిమిది మీటర్ల ఎత్తు గోడలు తలుపుల్లా తిరుగుతాయి, పక్కకు జరుగుతాయి. బయటి గోడకు కొట్టిన కాంక్రీట్‌లో అద్దం ముక్కలు కలిపారు. ఎండ పడితే మెరుస్తాయి. మన కాంక్రీట్ పనివాడెవరైనా చూస్తే అరగంట అక్కడే నిలబడిపోతాడు.

మేం మొదటిసారి ఆ ప్రాంతానికి పోయింది బొమ్మలు చూడ్డానికి కాదు, పనికి. ఓ ప్రదర్శన కోసం జిప్సమ్ పార్టిషన్లు కట్టాలన్నారు. మా గ్యాంగ్‌లో ఆరుగురం తెలుగువాళ్లం. పది రోజుల పని. ఆ పది రోజుల్లో అక్కడ పనిచేసే కుర్ర ఆర్టిస్టులను చూశాక, ఈ కళ అనేదాని మీద మాకున్న అభిప్రాయం చాలా మారింది.

గోడ దగ్గరే మొదలు

గ్యాలరీ గోడ మామూలు గోడ కాదు. జిప్సమ్ బోర్డు వెనక ప్లైవుడ్ కొట్టాలి. ఎందుకంటే ఏ బొమ్మ ఎక్కడ వేలాడదీస్తారో చివరి రోజు దాకా తేలదు. గోడ మీద ఎక్కడ స్క్రూ కొట్టినా పట్టు దొరకాలి. జాయింట్ కనపడకూడదు. తెల్లరంగు మెరవకూడదు, మ్యాట్ ఫినిష్ ఉండాలి. లైటు వేస్తే పుట్టీ మీద చిన్న అల కూడా పట్టుబడిపోతుంది. విల్లాల్లో చేసే స్నాగింగ్ దీని ముందు దిగదుడుపే!

ఇక బొమ్మ తగిలించడం. చాలా గ్యాలరీల్లో బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145 - 150 సెంటీమీటర్ల ఎత్తులో వచ్చేలా చూస్తారు. నిలబడ్డ మనిషి కంటికి అది సరిపోయే ఎత్తు. మేం లేజర్ లెవెల్ పెట్టి గీత కొట్టాం. పెద్ద బొమ్మ, చిన్న బొమ్మ అన్నీ ఆ గీత మీదే కూర్చున్నాయి. టైల్స్ పనిలో మొదటి గీత తప్పితే చివరిదాకా తప్పుతుందంటాం కదా, ఇక్కడా అంతే.

బొమ్మకూ షాప్ డ్రాయింగ్ ఉంటుంది

ఆ ప్రదర్శనలో ఒకమ్మాయి ఉంది. మన దేశం అమ్మాయే గానీ పుట్టి పెరిగింది షార్జాలో. పగలు ఓ కంపెనీలో డిజైనర్ ఉద్యోగం, రాత్రిళ్లు బొమ్మలు. "ఈ బొమ్మకు ఎన్ని రోజులు పట్టింది మేడమ్?" అని అడిగాం. "రంగు వేయడానికి మూడు వారాలే భయ్యా. అంతకుముందు ఎనిమిది నెలలు గీయడం, చెరిపేయడం" అంది నవ్వుతూ.

అప్పటిదాకా బొమ్మ అంటే కూర్చుని ఒకేసారి గీసేస్తారనుకునేవాళ్లే మాలో ఎక్కువ. ఆమె నోటుబుక్కు చూస్తే తెలిసింది.. అక్కడా మన పద్ధతే. ముందు స్కెచ్. తర్వాత కొలతలు. తర్వాత చిన్న ముక్క మీద శాంపిల్. అది బాగుంటేనే అసలు పని. మన దగ్గర షాప్ డ్రాయింగ్, మాకప్, అప్రూవల్ అంటామే, అదే వరస. తేడా ఒక్కటే. మన డ్రాయింగ్‌ను కన్సల్టెంట్ తిప్పి పంపుతాడు. ఆమె డ్రాయింగ్‌ను ఆమే తిప్పి పంపుకుంటుంది. అది ఇంకా కష్టం!

మన పెయింటర్లకు ఈ పని ఇట్టే అర్థమవుతుంది. ప్రైమర్ కొట్టని గోడ రంగు తాగేసినట్టే, పూత వేయని కాన్వాసు కూడా తాగేస్తుంది. అందుకే ముందుగా తెల్లటి గెస్సో పూత వేసి, ఆరాక సాండ్‌పేపర్ కొట్టి, మళ్లీ వేస్తారు. అక్రిలిక్ రంగు నిమిషాల్లో ఆరిపోతుంది. ఆయిల్ రంగు ఆరాలంటే రోజులు పడుతుంది. నీటిరంగుల్లో తెలుపు కావాలంటే కాగితాన్నే తెల్లగా వదిలేయడం పాత పద్ధతి. అంటే ఎక్కడ రంగు వేయకూడదో ముందే తెలిసుండాలి.

శిల్పం సంగతి షట్టరింగ్ వాళ్లను అడగండి. ముందు మట్టితో బొమ్మ, దాని చుట్టూ అచ్చు, అచ్చులో నూనె రాసి ప్లాస్టరో, కాంక్రీటో పోయడం, గట్టిపడ్డాక విప్పడం. మనం కాలమ్ పోసే తీరు ఇది కాదా? పెద్ద శిల్పం బయట నిలబెట్టాలంటే పునాది, యాంకర్ బోల్టులు, గాలి లెక్కలు, క్రేన్.. అన్నీ కావాలి. అప్పుడు ఆర్టిస్టు కూడా హెల్మెట్ పెట్టుకుని మన పక్కన నిలబడాల్సిందే.

బైండింగ్ వైరుతో పేరు తెచ్చుకున్నాయన

ఈ దేశంలో కొత్త తరం కళకు దారి వేసిన పెద్దమనిషి హసన్ షరీఫ్. 1951లో పుట్టారు. 1970ల్లో పత్రికలకు కార్టూన్లు వేశారు. తర్వాత లండన్ వెళ్లి బయామ్ షా స్కూల్‌లో కళ చదివి 1984లో ముగించారు. తిరిగొచ్చి షార్జాలో మిత్రులతో కలిసి ఓ కళా కేంద్రం నడిపారు. గ్యాలరీలు లేని రోజులవి. ఆయనా, ఆయన మిత్రులూ షార్జా మార్కెట్లోనే ప్రదర్శన పెట్టారు. సరుకులు కొనడానికి వచ్చినవాళ్లే ప్రేక్షకులు!

ఆయన వాడిన సామాను వింటే ఆశ్చర్యపోతారు. రబ్బరు చెప్పులు, తాడు, అట్టపెట్టెలు, అల్యూమినియం, రాగితీగ. అంతా బజార్లో చవగ్గా దొరికేదే. ముక్కలు కోయడం, చుట్టడం, తీగతో కట్టడం, కుప్పగా పోయడం.. ఇదే పని రోజుల తరబడి. 2009లో చేసిన ఒకదానికి 'స్లిప్పర్స్ అండ్ వైర్' అనే పేరు పెట్టారు. మన స్టీల్ ఫిక్సర్ రోజుకు ఎన్ని వందల ముళ్లు కడతాడో మనకు తెలుసు. ఆ ముడిలో ఉండే విసుగూ, ఓపికా రెండూ ఆయన పనిలో కనిపిస్తాయి. మన కాలంలో వస్తువులు ఎలా గుట్టలుగా పెరిగిపోతున్నాయో చూపించడమే ఆయన ఉద్దేశం.

మొదట్లో ఇదేం కళ అన్నవాళ్లే ఎక్కువ. ఆయన పట్టించుకోలేదు. పని ఆపలేదు. అంతటితో ఊరుకోకుండా పత్రికల్లో వ్యాసాలు రాసి, కళ గురించిన రచనలు అరబ్బీలోకి అనువదించి జనానికి చెప్పే ప్రయత్నం చేశారు. కుర్రవాళ్లకు నేర్పారు. 2016లో ఆయన పోయేనాటికి ఆ చెప్పుల కుప్పలు ప్రపంచంలోని పెద్ద మ్యూజియంల దాకా చేరాయి. మరుసటి ఏడాది షార్జా ఆర్ట్ ఫౌండేషన్ ఆయన జీవితకాలపు పనినంతా పెద్ద ప్రదర్శనగా పెట్టింది. 30 ఏళ్లకు పైగా పట్టింది. ఒక్క రాత్రిలో వచ్చిన పేరు కాదది.

తవ్విన ఫుట్‌పాత్‌లో బొమ్మ

ఇంకొకాయన పేరు విక్రమ్ దివేచా. బీరూట్‌లో పుట్టి, ముంబైలో పెరిగి, దుబాయ్‌లో కళాకారుడిగా ఎదిగారు. ఆయన పని మనకు మరీ దగ్గర. కేబుల్ వేయడానికి ఫుట్‌పాత్ తవ్వుతాం. ఇంటర్‌లాక్ ఇటుకలు తీసి పక్కన పేరుస్తాం. పని అయ్యాక తిరిగి పరుస్తాం. అప్పుడు ఏమవుతుంది? మొదట వరసగా ఉన్న రంగు ఇటుకల గీత చెల్లాచెదురవుతుంది. ఎర్రదాని చోట పసుపు, పసుపు చోట బూడిద రంగు. దాన్ని మనం ఏనాడూ పట్టించుకోం. కన్సల్టెంట్ చూస్తే మాత్రం తిడతాడు!

దివేచా ఆ చెదిరిన ఇటుకల్లోనే బొమ్మ చూశారు. 2013లో 'డిజెనరేటివ్ డిస్అరేంజ్‌మెంట్' పేరుతో దాన్ని కళగా చేశారు. 2017లో ఇటలీలోని వెనిస్ బినాలేలో ఎమిరేట్స్ తరఫున పాల్గొన్న ఐదుగురు కళాకారుల్లో ఆయన ఒకరు. అంతకుముందు ఏడాది అల్‌సర్కాల్‌లో ఓ గోదామును ట్రేడింగ్ కంపెనీకి ఇచ్చి సరుకు దింపుకోనిచ్చారు. సరుకు ఎక్కించడం, దించడమే అక్కడి ప్రదర్శన. ఆ పనికి 'వేర్‌హౌస్ ప్రాజెక్ట్' అని పేరు.

మాలో కొందరికి ఇది వింతగా తోచింది. "మేం రోజూ చేసేదే కదా, అది కళ ఎట్లయితది?" అని ఒక మేస్త్రీ అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. మాకు తోచిన జవాబు ఇది.. రోజూ దాని మీద నడిచే లక్షల మంది ఆ ఇటుకలను చూడరు, వాటిని పరిచిన చేతిని అసలే చూడరు. ఆగి చూసేలా చేసినవాడే కళాకారుడు.

పొద్దున జీతం.. రాత్రి చిత్రం

ఇక బతుకుతెరువు సంగతి. కొత్త ఆర్టిస్టుల్లో బొమ్మలమ్ముకుని మాత్రమే బతికేవాళ్లు తక్కువ. టీచర్లు, డిజైనర్లు, ఫొటోగ్రాఫర్లు, ఆఫీసు ఉద్యోగులు.. ఏదో ఒక జీతం ఉండాలి. ఎందుకంటే ఈ దేశంలో ఉండాలంటే వీసా ఉండాలి. వీసా కావాలంటే చాలామందికి ఉద్యోగమే దారి. ఉద్యోగం పోతే మన గుండెల్లో పడే రాయే వాళ్ల గుండెల్లోనూ పడుతుంది. 2019లో దుబాయ్ కళాకారుల కోసం ప్రత్యేకంగా సాంస్కృతిక వీసా ప్రకటించింది. ఇప్పుడు అర్హత ఉన్న కళాకారులకు 10 ఏళ్ల గోల్డెన్ వీసా దారి కూడా ఉంది. కానీ అక్కడిదాకా రావాలంటే ముందు పేరు రావాలి.

గ్యాలరీలో బొమ్మ అమ్ముడైతే డబ్బంతా ఆర్టిస్టుకే రాదు. సాధారణంగా సగం గ్యాలరీకి పోతుంది. మిగిలిన సగంలో కాన్వాసు, రంగులు, ఫ్రేము, రవాణా ఖర్చు తీసేయాలి. బొమ్మ అమ్ముడు కాకపోతే ఖర్చు ఎటూ తప్పదు, పైగా దాన్ని పెట్టుకోవడానికి చోటు వెతుక్కోవాలి. ఒకబ్బాయి తన మంచం కింద 14 బొమ్మలున్నాయని చెప్పాడు. మన మంచాల కింద సూట్‌కేసులున్నట్టు!

వీళ్లకు ఆసరాగా కొన్ని చోట్లు వచ్చాయి. దుబాయ్ నాద్ అల్ షెబాలో 2008లో 'తష్కీల్' మొదలైంది. ప్రింట్ మెషీన్లు, ఫొటో డార్క్‌రూమ్, చెక్కపని సామాను అక్కడ సభ్యులు వాడుకోవచ్చు. షార్జా బినాలే 1993 నుంచి నడుస్తోంది. దాన్ని చూసుకునే షార్జా ఆర్ట్ ఫౌండేషన్ 2009లో ఏర్పడింది. అబుధాబిలో యువ కళాకారుల కోసం 2013లో సలామా బింత్ హమ్దాన్ ఫెలోషిప్ మొదలైంది. ఇవన్నీ లేకముందు హసన్ షరీఫ్ తరం పడ్డ పాట్లు ఇప్పటివాళ్లకు కొంత తగ్గాయనే చెప్పాలి.

ఫ్లెక్సీ మింగేసిన చేతులు

ఇదంతా ఎక్కడి గొడవ, మనకెందుకు అంటారా? మన క్యాంపుల్లోనే బ్రష్ పట్టిన చేతులున్నాయి. ఒకప్పుడు మన ఊళ్లలో షాపు బోర్డు, సినిమా పోస్టరు, ఎన్నికల గోడరాత అన్నీ చేత్తో రాసేవాళ్లు. 2000ల్లో ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని మింగేశాయి. మాతో పనిచేసే పెయింటర్ ఒకాయన జగిత్యాల దిక్కున బోర్డులు రాసేవాడు. "ఫ్లెక్సీలొచ్చినంక మా పని బందైంది అన్నా. గోడలకు రంగేసుడు తప్ప గతి లేకపాయె. అదే బ్రష్షు, గని అప్పుడు కింద నా పేరు రాసుకునేటోణ్ని" అన్నాడు. రోలర్ పట్టుకుని రోజుకు ఎన్ని చదరపు మీటర్లు కొట్టినా అక్షరం మీద ప్రాణం పోలేదు. ఇప్పటికీ సైటులో సేఫ్టీ బోర్డు చెరిగిపోతే ఆయనే తిరగరాస్తాడు. స్కేలు లేకుండా, గీత వంకర పోకుండా!

మరో తమ్ముడు షట్టరింగ్ కార్పెంటర్. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని బంద్ కదా. అందరూ ఒరిగితే అతను సిమెంటు బస్తా కాగితం చింపి, మార్కింగ్ పెన్సిల్‌తో నిద్రపోయేవాళ్ల బొమ్మలు గీసేవాడు. నోరు తెరిచి పడుకున్న ఫోర్‌మన్ బొమ్మ చూసి క్యాంపంతా నవ్వింది. అలా గీసినవి వందకు పైనే ఉంటాయి. క్యాంపు మారేటప్పుడు రూమ్ ఖాళీ చేసినవాళ్లు ఆ కాగితాల కట్టను చెత్త అనుకుని స్కిప్‌లో పడేశారు. ఒక్కటీ మిగల్లేదు. "పోనీ అన్నా, ఊకెనే గీసిన" అన్నాడు గానీ ఆ తర్వాత నాలుగు నెలలు పెన్సిల్ ముట్టలేదు.

ఊరికే గీసినవా అవి? ఆ గంటల్లో మనం ఎట్లా బతికామో చెప్పే సాక్ష్యం ఇంకెక్కడుంది? ఫొటోలున్నా, మాల్ ముందు నిలబడి నవ్వుతూ తీసుకున్నవే ఎక్కువ.

బోర్డులు రాసే చేతులు ఎంతదాకా పోగలవో చూడండి. ఎం.ఎఫ్.హుసేన్ కుర్రతనంలో ముంబైలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్నారు. హైదరాబాద్‌లో 'సినిమా ఘర్' పెట్టిన ఆయన, చివరి ఏళ్లలో కొంత కాలం ఈ దుబాయ్‌లోనూ గడిపారు, 2011లో కన్నుమూశారు. ఒకప్పటి నల్లగొండ జిల్లా కదిరేనిగూడెంలో నేతపని కుటుంబంలో పుట్టిన ఏలె లక్ష్మణ్ కూడా సైన్‌బోర్డులు రాస్తూనే చిత్రకారుడిగా ఎదిగారు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుంచి వచ్చిన తోట వైకుంఠం తన ఊరి ఆడవాళ్లనే, వాళ్ల పెద్ద బొట్టునూ రంగుల చీరలనూ గీసి దేశమంతా తెలిశారు. చూసిందే గీశారు. మన తమ్ముడు గీసిందీ తాను చూసిందే.

పేరు ఎక్కడ?

ఒక్క మాట మాత్రం మా మనసులో ఉండిపోయింది. బొమ్మ పక్కన చిన్న కార్డు ఉంటుంది. ఆర్టిస్టు పేరు, ఏడాది, వాడిన సామాను రాస్తారు. వెల్డింగ్ చేసినవాడు, అచ్చు పోసినవాడు, గోడ కట్టినవాడు అందులో ఉండరు. సినిమా చివర్లో లైట్‌బాయ్ పేరు కూడా వేస్తారే!

ఆలోచన ఆర్టిస్టుది, దానికి పేరు ఆయనకే రావాలి. అందులో మాకు అభ్యంతరం లేదు. టవర్ మీద మేస్త్రీ పేరు ఉండదని మాకూ తెలుసు. కానీ కార్మికుల గురించే చేసిన కళలోనైనా వాళ్ల పేర్లు ఓ మూల రాస్తే తప్పేముంది? కళాకారుల్లోనూ ఈ ఆలోచన ఉన్నవాళ్లున్నారు. 2011లో అబుధాబి సాదియాత్ దీవిలో మ్యూజియం కట్టే కార్మికుల బాగోగుల గురించి వందమందికి పైగా కళాకారులు కలిసి గొంతెత్తారు. మేం పార్టిషన్లు కట్టిన ప్రదర్శనలో ఆ షార్జా అమ్మాయి తన కార్డు కింద మా ఆరుగురి పేర్లూ రాయించింది. ఒకరి పేరులో అక్షరం తప్పుపడింది. అయినా అతను దాన్ని ఫొటో తీసి ఇంటికి పంపాడు.

మనం చేయగలిగింది

మీ రూమ్‌లో గీసేవాడుంటే ఎగతాళి చేయకండి. మంచం పక్కన ఓ దీపం పెట్టుకోనివ్వండి. బొమ్మ కింద పేరు, తేదీ, చోటు రాయమనండి. కాగితం పోయినా బొమ్మ మిగిలేలా ఫోన్లో ఫొటో తీసి ఇంటికి పంపమనండి. నోటుబుక్కు, నాలుగు పెన్సిళ్లు పెద్ద ఖర్చేం కాదు. సూపర్‌వైజర్లకు ఇంకో మాట.. రూమ్‌లు ఖాళీ చేయించేటప్పుడు కాగితాల కట్ట కనపడితే, పారేసే ముందు ఒకసారి విప్పి చూడండి.

ఒక జాగ్రత్త కూడా. కంపెనీ వీసా మీద ఉండి బయట డబ్బులు తీసుకుని బోర్డులో, బొమ్మలో వేస్తే చిక్కుల్లో పడతారు. దానికి పర్మిట్ ఉండాలి. గీయడానికి, నేర్చుకోవడానికి, చూడటానికి మాత్రం ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

మా షట్టరింగ్ తమ్ముడు మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి సిమెంటు కాగితం మీద కాదు. గట్టి అట్ట ఉన్న నోటుబుక్కులో, మొదటి పేజీలో పేరు రాసుకుని.

సెలవు రోజు చూసొద్దామా?

* అల్‌సర్కాల్ ఎవెన్యూ, ఆల్ ఖూజ్, దుబాయ్: గ్యాలరీల్లోకి ఎవరైనా పోవచ్చు, టికెట్ లేదు. డ్రెస్సు గురించి మొహమాటం వద్దు.

* జమీల్ ఆర్ట్స్ సెంటర్, జద్దాఫ్, దుబాయ్: 2018లో తెరిచారు. ప్రదర్శనలు ఉచితం. కళ మీద పుస్తకాలున్న లైబ్రరీ ఉంది.

* షార్జా ఆర్ట్ మ్యూజియం, షార్జా ఆర్ట్ ఫౌండేషన్: మనవాళ్లందరికీ తెలిసిన రోలా దగ్గర్లోనే. పాత ఇళ్ల మధ్య నడుస్తూ చూడొచ్చు.

* సిక్కా ఉత్సవం, దుబాయ్: 2011లో అల్ ఫాహిదీలో మొదలై తర్వాత షిందగా ప్రాంతానికి మారింది. చలికాలంలో జరుగుతుంది. కొత్త ఆర్టిస్టులను చూడాలంటే ఇదే మంచి చోటు.

* 421 ఆర్ట్స్ క్యాంపస్, మీనా జాయెద్, అబుధాబి: పాత గోదాముల్లో 2015లో మొదలైంది. ప్రవేశం ఉచితం.

* లూవ్ర్ అబుధాబి, సాదియాత్: 2017లో తెరిచారు. టికెట్ ఉంటుంది. 180 మీటర్ల వెడల్పున్న ఆ ఉక్కు గుమ్మటాన్ని కట్టుబడి పనివాళ్లు ఒక్కసారైనా చూడాలి.

వెళ్లేముందు ఏ రోజు సెలవో, ఎప్పుడు తెరుస్తారో ఫోన్ చేసి కనుక్కోండి.